గులాబ్‌బీ ఎడమ కన్ను

ప్రొద్దుటూరులో షావుకార్ల ఇళ్ళలో పెళ్ళి కుదిరిందంటే గాజుల గులాబ్‌బీకి కబురు వెళ్ళాల్సిందే. ఆమె పట్టుకున్న చేతికి సబ్బు రాయక్కర్లేదు, గాజు చిట్లదు. పెళ్ళికూతురి చేతిమీద గాజు చిట్లితే అపశకునమని అందరికీ హడలే కదా! గాజుల మలారం భుజాన వేసుకుని ఆమె వీధిలోకి వస్తే షావుకారమ్మలు ఎదురొచ్చి కూర్చోబెట్టేవారు.

ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన మరుసటి ఏడు ఆమె ఎడమ కన్ను కారడం మొదలైంది. నొప్పి లేదు, ఎరుపు లేదు, ఊరికే నీళ్ళు. అంతే, నోళ్ళు లేచాయి. శుభమా అని గాజులు తొడిగేటప్పుడు ఈ కన్నీళ్ళేంది అని ఒకామె. తొడిగినామె ఏడిస్తే తొడిగించుకున్నదీ ఏడుస్తుందని ఇంకొకామె. ఏం జ్ఞానమో మహాతల్లులది!

గులాబ్‌బీ తగ్గే రకమా? తడి కనబడకుండా సుర్మా దట్టంగా పెట్టింది, అదీ ఇంట్లో ఆడవాళ్ళందరూ వాడే సలాకతోనే. గాజుల మీద దుమ్ము దులిపే కొంగుతోనే కన్నూ తుడుచుకుంది. కొన్నాళ్ళకు కంటి మూల, ముక్కు పక్కన, రేగుపండంత వాపు లేచింది. నొక్కితే కంట్లోకి చీము వచ్చేది. పక్కింటి ఖాతూన్‌బీ జాలిపడి సున్నం, బెల్లం కలిపి పట్టు వేసింది. దాంతో చెంపంతా ఉబ్బి, కన్ను మూసుకుపోయి, ఒళ్ళు కాలిపోసాగింది.

"కణతకు చురక పెట్టిచ్చుకో ఆపా," అంది ఖాతూన్‌బీ.

"చాల్లే! ఉన్న మంట చాలక ఇంకో మంటా? నేను జమ్మలమడుగు ఆసుపత్రికి పోతాండా," అని గులాబ్‌బీ బస్సెక్కింది.

అక్కడి డాక్టరమ్మ వాపు కోసి చీము తీసింది. కొంచెం గాజుపలక మీద రాసి మైక్రోస్కోపు కింద చూసింది.

"కన్నీళ్ళు ముక్కులోకి దిగడానికి సన్నని దారి ఉంటుందమ్మా. నీకది పూడిపోయింది. పైనున్న చిన్న సంచిలో నీళ్ళు నిలిచిపోయి స్టెఫిలోకాకస్ అనే క్రిములు పెరిగాయి. నువ్వు చెప్పిన ఆ కొంగూ ఆ సలాకా వాటికి తోడయ్యాయి."

పెన్సిలిన్ సూదులు వేశారు, వేడి కాపడం పెట్టారు. వాపు దిగింది. అసలు సంగతి డాక్టరమ్మ అప్పుడు చెప్పింది. దారి పూడే ఉంది కాబట్టి చీము మళ్ళీ పడుతుంది, అది నల్లగుడ్డుకు పాకితే చూపే పోవచ్చు. ఆ సంచి తీసేస్తే చీము బెడద తప్పుతుంది కానీ నీళ్ళు బతికినన్నాళ్ళూ కారతాయి. ముక్కులోకి కొత్త దారి చేసే ఆపరేషన్ కావాలంటే మద్రాసుకు వెళ్ళాలి.

"మద్రాసులో నాకెవరున్నారు? సంచి తీసెయ్ తల్లీ. కారితే కారనీ, నా చూపు నాకుంటే చాలు."

కోసిన చోటు మానాక మలారం ఎత్తుకుని నేరుగా నగల అంగడి సుగుణమ్మ ఇంటికి వెళ్ళింది. ఆమె కూతురు గౌరీకి పెళ్ళి. ఆ ఇల్లు కాదంటే వీధంతా కాదంటుందని గులాబ్‌బీకి బాగా తెలుసు. సుగుణమ్మ గడపలోనే అడ్డం నిలబడింది.

"శుభకార్యం గులాబ్‌బీ. నీ కన్ను ఇంకా కారతానే ఉంది. మీ కోడల్ని పంపియ్."

"మీ పాపకు పురిట్లో నల్లగాజులు ఏసింది నా కోడలా, నేనా?"

"పోనీ, తుడుచుకొనైనా రా."

"తుడిచి తుడిచే రోగం తెచ్చుకున్నా. తుడవను."

డాక్టరమ్మ చెప్పినట్టు ఉతికిన గుడ్డ ఆమె దగ్గర ఉంది. అయినా తీయలేదు. సుగుణమ్మ పక్కనుంచి లోపలికి నడిచి, పెళ్ళికూతురి ముందు చతికిలబడి మలారం విప్పింది. నాలుగో గాజు ఎక్కుతుండగా ఒక బొట్టు జారి గౌరీ మణికట్టు మీద పడింది. "అయ్యో అయ్యో," అని ఆడవాళ్ళంతా గుండెలు పట్టుకున్నారు.

గులాబ్‌బీకి ఒళ్ళు మండింది.

"ఏంది అయ్యో? ఏడిస్తే రెండు కళ్ళూ ఏడుస్తాయి తల్లుల్లారా! ఇది ఒక్కటే కారతాంది. నాకేం ఏడుపు? శానా బాగుండా!"

గౌరీ పకపకా నవ్వింది. "ఈ చెయ్యి కూడా కానీ అవ్వా," అని రెండోది చాపింది.

రెండు చేతులూ నిండాయి. ఒక్క గాజూ చిట్లలేదు. ఆ తర్వాత పెళ్ళికూతురి తల్లి వంతు. సుగుణమ్మ వచ్చి కూర్చుంది. గులాబ్‌బీ ఆ చెయ్యి పట్టుకుని, గాజు వేళ్ళదాకా తెచ్చి ఆపింది.

"ముందు చెప్పు సుగుణమ్మా. కన్ను తుడవాల్నా, వద్దా?"

"వద్దులే," అంది సుగుణమ్మ. "కానియ్."