రాగి కూజాలో చెల్లాయి చెయ్యి

మా ఆవిడ చింతపండు, ఉప్పు వేసి రాగి చెంబు తోముతుంటే ఆ పుల్లటి వాసనకు నాకు చెల్లెలు పద్మ గుర్తొస్తుంది.

తాడేపల్లిగూడెంలో మా నాన్నగారు ఇంట్లోనే వామును నీళ్ళలో మరిగించి, ఆ ఆవిరిని చల్లార్చి, కడుపునొప్పికి వాము అర్కు తీసేవారు. రాగి కూజాకు గొట్టం అతికించి బట్టీ తానే చేసుకున్నారు. అర్కు తీసిన ప్రతిసారీ కూజాను లోపల చింతపండుతో తోమి, గొట్టం కడగడం పద్మ పని.

"నేను తోముతానండీ" అంటే, "నువ్వొద్దురా, చెల్లాయి తోముద్ది" అనేవారు.

"నేను తోమితేనే నాన్నగారికి నచ్చుద్ది, తెల్సా?" అని పద్మ ఉడికించేది. ఆయనకు అదంటేనే ప్రేమనుకుని నా కడుపు మండిపోయేది.

ఒకరోజు పద్మ శుభ్రంగా కడిగి పెట్టిన గొట్టం లోపల చింతపండు గుజ్జు పూశాను. మర్నాడు అర్కు మురికిగా దిగింది. నాన్నగారు ఒక చుక్క నాలిక మీద వేసుకుని ఉమ్మేసి, అంతా పారబోశారు.

"ఇదేనామ్మా కడగడం? ఇంక నువ్వు ముట్టుకోకు."

"బాగానే కడిగానండీ నాన్నగారూ" అంటూ పద్మ ఏడ్చింది.

తర్వాతిసారి తోమడానికి నేను ఎగబడ్డాను. కూజా మూతిలో నా పిడికిలి పట్టలేదు.

"అందుకేరా నిన్ను వద్దన్నది" అన్నారు నాన్నగారు.

అప్పుడైనా నిజం చెబితే ఆ పని మళ్ళీ పద్మకే దక్కేది. చెప్పలేదు. ఆ బట్టీ ఉన్నన్నాళ్ళూ నాన్నగారు కర్రకు గుడ్డ చుట్టి తానే తోముకున్నారు. పద్మ దాని దగ్గరికి వెళ్ళలేదు.