పసుపు రవికె మీద సున్నపు పూలు

కాలేజీ నాటకంలో రాణి వేషం నాది. తెల్ల రవికెకు పసుపుతో నేనే రంగు వేసుకున్నాను. ఈ రోజు పొద్దున సబ్బు అంటిన చేత్తో ముట్టుకోగానే దాని భుజం మీద ఎర్రటి మచ్చలు లేచాయి.

“గీ మచ్చల రవికెతోని రాణివైతవా? బోధన్ ఊరంత నవ్వుతది బిడ్డా,” అంది అవ్వ.

“నవ్వనీ అవ్వా!” అని ఆమె ఆకువక్కల పాన్‌దాన్‌లోంచి సున్నం తీసి, ఆ పసుపు మీద వేలితో చుక్కలు పెట్టాను. ప్రతి చుక్కా ఎర్రటి పువ్వయింది.

అవ్వ రవికెను తిప్పి చూసి, “కుడి చెయ్యి బోసిగుంది, ఇటు తే,” అని తానే ఒక పువ్వు దిద్దింది.

సాయంత్రం స్టేజి ఎక్కగానే రవికె చూసి ముందు వరుస పకపకా నవ్వింది. అవ్వ పెట్టిన పువ్వు కనబడేలా చెయ్యెత్తి నిలబడ్డాను. నవ్వు ఆగాకే రాణి మాటలు మొదలుపెట్టాను.

మచ్చ పడిందని మీరు పెట్టెలో దాచిన బట్టలుంటే తీయండి. మా ఇంట్లో సున్నం ఇంకా ఉంది.