డబ్బాలో ఉండిపోయిన ఆఖరి రీలు

సినిమాహాలు ఆపరేటరు దగ్గర ఎవరైనా పెళ్లి మాటెత్తితే, వారానికో హీరోయిన్‌తో కాపురం చేసేవాడికి పిల్లనెవరిస్తారని నవ్వేసేవాడు. ఆయన ఫిలిం అతికిస్తే ఆ అతుకు చీమ కాలికి కూడా తగలదని ఊళ్లో చెప్పుకునేవారు. కానీ క్యాబిన్ గోడకున్న అరచేతంత అద్దంలోంచి ఆయనకు కనిపించేవి జనం వీపులే. జుట్టు నెరిసేదాకా లోకాన్ని వెనకనుంచే చూశాడు.

ఆ వారం యుద్ధం బొమ్మ ఆడుతోంది. విమానం నడిపే తెగువగల పిల్లకీ, ఆ విమానం బాగుచేసే మెకానిక్కుకీ ప్రేమ. ఆఖరి రీల్లో ఆమె గుండ్ల వానలోకి ఎగిరిపోయి, మళ్లీ రాదు. మెకానిక్కు లాంతరు పట్టుకుని రన్‌వే మీద నిలబడే ఉంటాడు.

టికెట్లిచ్చే ఆవిడ కిటికీ మూసేసి, రోజూ వచ్చి వెనక వరసలో కూర్చునేది. ఆఖరి రీలు మొదలవగానే లేచి వెళ్లిపోయేది. ఎందుకని ఆయన ఓసారి అడిగితే, చేపల వేటకెళ్లిన తన మొగుడి పడవా ఇలాగే రాలేదనీ, ఆ ముక్క చూడలేననీ చెప్పింది.

ఆపరేటరుకున్న ఆశ గోరంత. ఒక్కరోజు ఆవిడ దీపాలు వెలిగేదాకా కూర్చుంటే, జనంతోపాటు గేటుదాకా ఆవిడ పక్కన నడవాలని.

బొమ్మ మారిపోయే రోజు, మాట్నీలో, ఆయన ఆఖరి రీలు మిషనుకెక్కించనే లేదు. ముందు రీలు చివర్లో ఆ పిల్ల క్షేమంగా దిగి, టోపీ తీసి, మెకానిక్కు చేతి టీ అందుకుంటుంది. అక్కడే దీపాలు వేసేశాడు. జనం ఈలలేసుకుంటూ వెళ్లిపోయారు. లేవబోయిన ఆవిడ ఆగి, వెనక్కి తిరిగి తలెత్తి క్యాబిన్ అద్దం వైపు చూసింది. తర్వాత క్యాబిన్ మెట్లెక్కి వచ్చింది.

"మిగతాదేదండీ?"

"తెగిపోయిందండీ."

"మీ చేతిలోనా?"

ఆవిడ బల్లమీది రీలు డబ్బా మూత మెల్లగా తట్టింది.

"నాకోసం దాచారు, తెలుస్తూనే ఉంది. వెయ్యండి. ఎన్నాళ్లని లేచి వెళ్లిపోను?"

ఖాళీ హాల్లో, ఆవిడ ఒక్కదానికోసం ఆ రీలు తిరిగింది. విమానం మబ్బుల్లో కలిసిపోయింది. లాంతరు ఆరిపోయింది. ఫిలిం తోక టపటపా కొట్టుకుని ఆగింది. తెర తెల్లగా మిగిలింది.

ఆవిడ లేవలేదు. భుజాలు మాత్రం కదులుతున్నాయి. వాటిని ఆయన వెనకనుంచే చూశాడు.

దీపాలు వేస్తే గేటుదాకా పక్కన నడవచ్చు. వేస్తే ఆవిడ కళ్లు తుడుచుకుని లేవాల్సి వస్తుంది. ఆయన స్విచ్చు మీంచి చెయ్యి తీసేసి, అద్దం ముందు అలాగే నిలబడిపోయాడు.