గంగమణి మింగిన గోలీలు

డాక్టర్ అస్రా నెత్తురు చూసి భయపడే మనిషి కాదు. గురువు జుల్ఫికర్ సారు పక్కన కుర్చీ వేసుకుని కూర్చుంటే మాత్రం ఆమె చేతులు చల్లబడతాయి.

ఎంబీబీఎస్ తర్వాత ఆమె ఎంచుకున్నది ఫార్మాస్యూటికల్ మెడిసిన్, అంటే కొత్త మందులను మనుషుల మీద జాగ్రత్తగా పరీక్షించే విద్య. ఆర్మూర్‌లోని చుట్టాలు "మెడికల్ షాపు పెడతవా బేటీ?" అని అడిగి ప్రాణం తీస్తున్నారు. ఈ చదువులో జవాబులు రాసి గట్టెక్కడం కుదరదు. ఒక్కో పనీ రోగి ముందు చేసి చూపించాలి, వచ్చిందని గురువు ఒప్పుకోవాలి. మందుతో వచ్చే ప్రమాదాన్ని రోగికి అర్థమయ్యేలా చెప్పడం వచ్చిందని సారు కిందటి నెలే ఒప్పుకున్నాడు.

ఆ రోజు ఎదురుగా కూర్చున్నది సత్తవ్వ. పసుపు మార్కెట్ యార్డులో ఏళ్ల తరబడి కొమ్ములు ఏరి మోకాళ్లు అరగదీసుకున్న మనిషి. నొప్పులకు కొత్త మందు గోలీ పరీక్షలో చేరింది. అస్రా అన్నీ వివరించింది, గోలీలు ఎవరికీ ఇవ్వొద్దని కూడా చెప్పింది. మనవరాళ్లున్న ముసలామెకు కడుపు ముచ్చటెందుకని గర్భిణుల గురించిన హెచ్చరిక ఒక్కటే దాటేసింది. సారు కూడా నవ్వి ఊరుకున్నాడు.

ఇవాళ సత్తవ్వ మళ్లీ దవాఖానకు వచ్చింది.

"నొప్పి ఎట్లుంది అవ్వా?"

"నాకు గట్లనే ఉంది బిడ్డా. గంగమణి నడుము నొప్పి మాత్రం మస్తు తగ్గింది."

"ఎవలకు ఇయ్యొద్దని చెప్పిన గదా!"

"ఎవలకు ఇయ్యలే. గంగమణికే ఇచ్చిన."

సత్తవ్వకు తప్పేమిటో నిజంగానే అర్థం కాలేదు. పక్కింటి గంగమణి, తాను ఒకే అరుగు మీద బీడీలు చుడతారు. ఆకు తక్కువైతే ఒకరి చాటలోంచి ఇంకొకరు తీసుకుంటారు, ఛాయ్ చెరి సగం తాగుతారు. గోలీ కూడా అంతే.

"గామెకు నడుము నొప్పెందుకు?"

"ఐదో నెల గదా బిడ్డా."

ఎవరికీ చెప్పకపోతే? ఆ ఆలోచన వచ్చినందుకు అస్రాకు తన మీద తనకే అసహ్యం వేసింది. వెంటనే సారుకు ఫోన్ చేసి, దాటేసిన మాటతో సహా అంతా చెప్పింది.

"నేను గూడ విని ఊకున్న. ముందుగాల గోలీలు ఆపియ్యి. జల్దీ స్కాన్ చేయించు, నేనొస్తున్న. మన తప్పు పరీక్షల కమిటీకి మనమే రాసి పంపుదాం" అన్నాడు సారు.

స్కాన్ గదిలో బిడ్డ గుండె టకటకా కొట్టుకుంటోంది. గంగమణి కళ్లు తెర మీది నుంచి అస్రా వైపు తిరిగాయి.

"నా బిడ్డకు ఏం గాదు గదా మేడం?"

"ఇప్పటికైతే మంచిగనే కనవడుతుంది. ముందు ముందు ఏమైతదో నాకు తెల్వదు గంగమణీ."

"పెద్ద సారుకు?"

"సారుకు గూడ తెల్వదు. గీ గోలీ కొత్తది. ఇంకా ఎవలకూ తెల్వదు."

గంగమణి చీర కొంగు కడుపు మీదికి లాక్కుంది.

"మీకే తెల్వని గోలీ మా సత్తవ్వ చేతుల ఎట్ల పెట్టిన్రు మేడం?"