మగ్గం దగ్గర తెరిచిన నోరు

ఎమ్మిగనూరులో నేతవాళ్ల నోటి క్యాన్సర్ మీద పరిశోధన జరిగినప్పుడు, ఆ బృందాన్ని ఇల్లిల్లూ తిప్పే పని నాది. నోరు చూసేది పళ్ల డాక్టరు. లెక్కలు తేల్చే ఆయన వేరు. వీళ్లందరి మీద ఆదోనిలో ఒక పెద్ద డాక్టరు. మా వీధి ఆడవాళ్లు మగ్గంలో కూర్చుంటే దవడన పొగాకు ఉండాల్సిందే, కానీ కొత్తవాళ్ల ముందు నోరు తెరవరు. నన్ను పెట్టుకున్నది అందుకే.

మా పక్కింటి అత్త కూడా మొదట ఒప్పుకోలేదు. "ఏమన్నా ఉంటే వాళ్లే వచ్చి సెప్తారత్తా, పూచీ నాది" అన్నాను. పెద్ద డాక్టరు నాకు ఇచ్చిన మాటే అది. ఆమె మగ్గం ఆపి నోరు తెరిచింది. పళ్ల డాక్టరు టార్చి వేసి చూసి, ఏదో రాసుకున్నాడు.

మళ్లీ ఎవరూ రాలేదు. ఏడాది తిరిగేసరికి అత్త చెంప వాచింది. క్యాన్సర్ ముదిరిపోయిందని కర్నూలు పెద్దాసుపత్రిలో చెప్పారు.

ఆదోని పోయి పెద్ద డాక్టరును నిలదీశాను. మా వీధిలో కొందరి నోట్లో క్యాన్సర్‌కు ముందొచ్చే తెల్లమచ్చలు కనిపించినట్టు రాసే ఉందట. "పేర్లు తీసేసి నంబర్లు వేశాం. ఎవరివో ఇప్పుడు చెప్పలేం" అన్నాడు. నాకు టీ కూడా తెప్పించాడు. పేరు తీసేస్తే మచ్చ పోతుందా? ఆ టీ ముట్టకుండా వచ్చేశాను.

ఉన్నదున్నట్టు అత్తకు చెప్పాను. ఆమె నన్ను తిట్టలేదు.

"నేను నోరు తెరిసింది ఆ డాక్టరును సూసి కాదప్పా," అంది. "నిన్ను సూసి."