నాలుగున్నర దాకా ఆగిన వేలు

జూలై రెండో శనివారం, ఉదయం పదకొండుకు పది నిమిషాలు తక్కువ. ప్రొద్దుటూరులో మా ఇంటి వరండాలో కూర్చుని కందిపప్పు చెరుగుతుంటే ఫోన్ మోగింది. చేసింది నా పాత శిష్యురాలు. పదో తరగతి లెక్కలు నా దగ్గరే చదివింది. ఇప్పుడు ఒక బట్టల అంగడి పైన గది తీసుకుని, ఇద్దరు కుర్రవాళ్లను పనిలో పెట్టుకుని యాప్‌లు తయారుచేస్తోంది.

"టీచర్, మీరు తప్పు యాడున్నా పట్టుకుంటారు గదా. మా యాప్‌లో లెక్క యాడో తప్పుతాండాది. ఒకసారి వచ్చి చూడండి," అంది.

నేను రిటైరై తొమ్మిదేళ్లయింది. తప్పు పట్టుకోవడానికి రమ్మని పిలిచినవాళ్లు ఈ తొమ్మిదేళ్లలో ఎవరూ లేరు. పట్టుకోవద్దని చెప్పినవాళ్లే ఎక్కువ. పప్పు చేట పక్కన పెట్టి బయలుదేరాను.

ఆ యాప్ పులివెందుల వైపు చీనీ, అంటే బత్తాయి, తోటల రైతుల సంఘం కోసం చేసింది. కాయ కోసే కూలీల బృందాలు సంఘానికి కొన్నే ఉన్నాయి. తోటలు చాలా. ఎవరి తోటకు ఎప్పుడు వెళ్లాలో వరుస ఉంటుంది. దాన్ని వాళ్లు వంతు అంటారు. ప్రతిరోజూ మధ్యాహ్నం మూడు గంటలకు, మర్నాడు వంతు ఉన్న రైతుల ఫోన్లకు సందేశం వెళుతుంది. దాని కింద 'ఖాయం' అని ఒక పచ్చ గుర్తు ఉంటుంది. దాని మీద వేలు పెడితే తెల్లవారేసరికి కూలీలు, లారీ తోట దగ్గర ఉంటారు. గంటలోగా పెట్టకపోతే వంతు రద్దు. ఆ రైతు మళ్లీ వరుస చివర నిలబడాలి. ఈ గంట గడువు సంఘం అధ్యక్షుడు పెట్టిన నియమం.

అంతా బాగానే ఉన్నా కొన్ని వంతులు ఊరికే రద్దవుతున్నాయి. కూలీలు పని లేక కూర్చుంటున్నారు. పండిన కాయ చెట్టు మీద ఆగదు, రాలిపోతుంది. యాప్ తమ వంతులు మింగేస్తోందని రైతులు సంఘం మీదికి వెళ్లారు. ఆగస్టు ఆఖరులోగా సరిచేయకపోతే ఒప్పందం రద్దు చేసుకుంటామని అధ్యక్షుడు చెప్పేశాడు. అదే జరిగితే ఆ గది మూసేసి, బెంగళూరులో ఎవరి దగ్గరో ఉద్యోగంలో చేరాలి. ఈ మాట ఆ పిల్ల హాజరు పలికినంత మామూలుగా చెప్పింది. కానీ చెబుతున్నంతసేపూ ఆ గది తాళంచెవిని అరచేతిలో తిప్పుతూనే ఉంది.

నాలుగు రోజులు కూర్చుని వరుస లెక్క మొత్తం చూశాను. ఒక్క తప్పు లేదు. తేలింది ఒకటే, రద్దయిన వంతులన్నీ మంగళవారం సందేశాలవే. ఆ సంగతి వాళ్లకు ముందే తెలుసు. మంగళవారం కరెంటు పోతుందేమో చూశారు, టవర్ పనిచేయదేమో చూశారు. ఏమీ లేదు. రైతులకు ఫోన్ చేసి అడిగితే ఒకరు సిగ్నల్ లేదన్నారు, ఒకరు చూసుకోలేదన్నారు.

"అడిగేదంతా అయిపోయింది టీచర్. ఇంక పక్కన కూచొని చూడాల్సిందే," అంది నా శిష్యురాలు. "మావాళ్లు పోతే కంప్యూటరోళ్లు వచ్చినారని సర్దుకొని కూచుంటారు. మీరు పోతే చుట్టం వచ్చినట్టు ఉంటాది."

పోయే ముందు నాకు పాఠం చెప్పింది. ఆ పిల్ల బల్ల వెనక, నేను ముందర. యాప్ మన తెలివి చూపించడానికి కాదట, వాడేవాళ్ల పని జరగడానికట. వాడేవాళ్లు తడబడితే తప్పు వాళ్లది కాదట, చేసినవాళ్లదట. బాగుందా అని అడగకూడదు, బాగుందనే అంటారు. ఒక పని ఇచ్చి, వాళ్లు ఏం చేస్తారో చూడాలి. అన్నిటికన్నా ముఖ్యం, చూసేవాళ్లు నోరు విప్పకూడదు, వేలు చూపకూడదు. ముప్పై నాలుగేళ్లు నేను జీతం తీసుకున్నది నోరు విప్పడానికీ వేలు చూపడానికీ. అయినా సరేనన్నాను.

అభ్యాసం కోసం ఇద్దరం జమ్మలమడుగులో మా చెల్లెలి ఇంటికి వెళ్లాం. యాప్‌లోని స్క్రీన్లను కాగితాల మీద బొమ్మలుగా గీసి తీసుకువెళ్లాం. చెల్లెలు వేలు పెట్టినప్పుడల్లా తర్వాతి కాగితం ముందు పెట్టాలి. కోత తేదీ మార్చుకోమని ఆమెకు పని ఇచ్చాం. చెల్లెలు కాగితం పైభాగమంతా తడుముతోంది. మార్చే గుర్తు కింద ఉంది. ఒకటి, రెండు, మూడు అని మనసులో లెక్కపెట్టుకున్నాను. ఆరు దాకా కూడా ఆగలేకపోయాను.

"కింద చూడే," అన్నాను. అనడమే కాదు, నా వేలు కూడా అక్కడే ఉంది.

నా శిష్యురాలు కాగితాలన్నీ దొంతర పెట్టేసింది. "టీచర్, ఇప్పుడు పరీక్ష రాసింది మీరు. ఆయమ్మ కాదు," అంది.

చెల్లెలికి పట్టరాని సంతోషం. "పిల్లోళ్ల నోర్లన్నీ మూయించినావు గదక్కా ఇన్నేండ్లు. నీ నోరు మూయించేదానికి ఈ పాప పుట్టాల్సి వచ్చింది," అంటూ వంటింట్లోకి వెళ్లి ఒక లవంగం తెచ్చి నా చేతిలో పెట్టింది. నోట్లో వేసుకుని నమలకుండా ఉంచుకోమంది. చిన్నప్పుడు బడికి తనిఖీకి వచ్చేవాళ్ల ముందు మేము చేసిన పనే అది. రెండోసారి లవంగంతో కూర్చున్నాను. చెల్లెలు పైన తడిమింది, పక్కన తడిమింది, నన్ను చూసి నవ్వింది, విసుక్కుంది, కాగితం తిరగేసింది. నేను మాట్లాడలేదు. చివరికి ఆమె, "ఈడ పైన ఉండాల్సింది గదా, కింద ఎవురు చూస్తారు?" అంది. ఆ గుర్తును మర్నాడే పైకి మార్చారు. నా నోటితో పది నిమిషాల్లో చెప్పే పాఠం కంటే ఆ లవంగం ఎక్కువ పని చేసిందని ఒప్పుకోక తప్పలేదు.

ఆగస్టు రెండో మంగళవారం ముద్దనూరు మీదుగా పులివెందుల చేరి, అక్కడి నుంచి లింగాల దారిలో ఒక తోటకు వెళ్లాను. తోట ఆమెకు యాభై ఏళ్లుంటాయి. రెండుసార్లు వంతు పోగొట్టుకున్న మనిషి. మర్నాడు ఆమె వంతు. మూడింటికి సందేశం వస్తుంది. లవంగం వేసుకుని నులకమంచం మీద ఒక పక్కన కూర్చున్నాను.

మూడింటికి ఫోన్ మోగింది. ఆమె కొంగుతో చేతులు తుడుచుకుని సందేశం తెరిచింది. అక్షరం అక్షరం పైకి చదివింది. సిగ్నల్ నిండుగా ఉంది. పచ్చ గుర్తు కళ్ల ముందే ఉంది. ఆమె వేలు దాని దాకా వెళ్లి ఆగింది. ఫోన్‌ను మంచం మీద బోర్లా పెట్టి, డ్రిప్ పైపు కారుతోందంటూ చెట్లలోకి వెళ్లిపోయింది.

మూడున్నర అయింది. ఆమె వచ్చి నాకు మజ్జిగ ఇచ్చింది. ఫోన్ ముట్టుకోలేదు. లవంగం మెత్తబడి నాలుకకు మంట పుట్టిస్తోంది. నాలుగుకు ఐదు నిమిషాలప్పుడు, నొక్కమ్మా అనే మాట పళ్ల దాకా వచ్చింది. మజ్జిగతో కలిపి మింగేశాను. నాలుగు దాటింది. వంతు పోయింది. ఆమె గట్టు మీద కూర్చుని, కోడలు పుట్టింటి నుంచి తెచ్చిన బెండ విత్తనాల గురించి చెబుతూనే ఉంది. చెబుతూ మధ్యమధ్యలో నీడ ఎంత జరిగిందో చూస్తోంది.

నాలుగున్నర దాటిన నిమిషానికి లేచి, కాళ్లూ చేతులూ కడుక్కుని, తూర్పుకు తిరిగి నిలబడి ఫోన్ తీసింది. పచ్చ గుర్తు మీద వేలు పెట్టింది. సమయం మించిపోయిందని వచ్చింది.

"సూడక్కా, మళ్లీ తినేసింది," అంది.

అప్పుడు లవంగం ఉమ్మేసి అడిగాను. మూడింటికే చూశావు కదా, ఎందుకు ఆగావు?

ఆమె నన్ను వింతగా చూసింది. "ఈ పొద్దు మంగళారం గదక్కా. నాలుగున్నర దాకా రాహుకాలం. కాయకోతకు రాహుకాలంలో ఎవురన్నా ఒప్పుకుంటారా?"

"మరి వాళ్లు ఫోన్ చేసినప్పుడు సిగ్నల్ లేదన్నావే?"

"సదువుకున్న పిల్లోళ్లు. రాహుకాలమంటే నవ్వుతారు," అంది. నా వైపు తిరిగి, "నువ్వు నవ్వుతాండావా?" అంది.

నేను నవ్వలేదు. మా నాన్న పౌరోహిత్యం చేసిన మనిషి. మంగళవారం రాహుకాలం ఎప్పుడో నాకు ఎక్కాల కంటే ముందు వచ్చు. నాలుగు రోజులు మంగళవారం, మూడు గంటలు అని వేలు పెట్టి చూసుకుంటూ కూర్చున్నా అది నాకు తట్టలేదు. లెక్క చూస్తున్నాను కదా, మనుషులు గుర్తుకు రాలేదు.

ఆ సాయంత్రం బస్సు దిగగానే తిన్నగా బట్టల అంగడి మెట్లెక్కాను. సంగతి విని కుర్రవాళ్లలో ఒకడు యాప్‌లో పంచాంగం పెట్టేద్దామన్నాడు. రాహుకాలం వస్తే ఎర్రగా చూపిద్దామన్నాడు. వద్దన్నాను. ఆమె దాచుకున్న మాటను మనం స్క్రీన్ మీద పెట్టి ఊరంతా చూపించకూడదు. పాటించని రైతులూ ఉన్నారు, వేరే మతంవాళ్లూ ఉన్నారు. ఎవరినీ ఏమీ అడగనక్కర్లేదు. గంట అనే మాట తీసేసి, సాయంత్రం ఆరు దాకా అని పెడితే చాలు. కూలీల మేస్త్రీకి కబురు చెప్పాల్సింది ఎలాగూ ఆరింటికే. ఏడు రోజులకూ లెక్క వేశాను. గురువారం రాహుకాలం సరిగ్గా మూడింటికి ముగుస్తుంది. ఆదివారం నాలుగున్నరకు మొదలవుతుంది కాబట్టి ముందు గంటన్నర ఖాళీ. మంగళవారం తర్వాత గంటన్నర ఖాళీ. మిగిలిన రోజులకు అడ్డే లేదు. నా శిష్యురాలు ఆ లెక్క రెండుసార్లు సరిచూసి, మొదటిసారి నా ముందు కుర్చీలో వెనక్కి వాలింది.

అధ్యక్షుడు మాత్రం ఆరు దాకా ఇస్తే రైతులకు బద్ధకం పెరుగుతుందన్నాడు. రాహుకాలం ఊసెత్తకుండా బతిమాలితే ఒక్క మంగళవారానికి ఒప్పుకున్నాడు. అది ఆగస్టు ఆఖరి మంగళవారం. ఆ రోజే తేల్చేస్తానని ఒప్పందం రద్దు కాగితం కూడా సిద్ధం చేయించాడు.

ఆ రోజు పులివెందులలో సంఘం ఆఫీసులో మేమిద్దరం బల్లకు ఇవతల కూర్చున్నాం. మూడింటికి పదకొండు మందికి సందేశాలు వెళ్లాయి. నాలుగైనా ఒక్క జవాబు లేదు. నాలుగుంబావుకూ లేదు. సంఘం గుమాస్తాకు మొదటి నుంచీ యాప్ అంటే పడదు. కాగితం, పెన్ను అధ్యక్షుడి ముందుకు జరిపాడు.

"సంతకం చేయి మామా, ఒక పని అయిపోతాది," అన్నాడు.

అధ్యక్షుడు పెన్ను తీసుకుని, గోడ గడియారం వైపు చూసి, మూత పెట్టి పక్కన పడేశాడు. "ఉండప్పా, కాగితం యాడికి పోతాది? నాలుగున్నర కానీ," అన్నాడు.

నా శిష్యురాలు నా మోచేతిని గిల్లింది. నా నోట్లో లవంగం ఉంది, అది అక్కడ ఉండబట్టి సరిపోయింది.

నాలుగున్నర దాటి నిమిషం కాలేదు, గుమాస్తా ముందున్న ఫోన్ టింగుమంది. తర్వాత ఇంకొకటి. తర్వాత రెండు కలిసి. తోట ఆమెది మూడోది. ఐదయ్యేసరికి తొమ్మిది, ఐదూ ఇరవైకి పదకొండూ వచ్చేశాయి. అధ్యక్షుడు ఆ ఫోన్‌ను తన వైపు తిప్పుకుని పేర్లన్నీ చదివాడు. తర్వాత పెన్నును చూశాడు, గడియారాన్ని చూశాడు, మమ్మల్ని చూశాడు. అర్థమైంది.

"నేను పెట్టిన గంట నాకే చాలలా," అని పొట్ట పట్టుకుని నవ్వాడు. రద్దు కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి, ఊగుతున్న బల్ల కోడు కింద దోపమని గుమాస్తాకు ఇచ్చాడు. "ఏమప్పా, కూచో. రేపు కూలీలు అందరికీ సరిపోతారా సూడు."

బుధవారం తెల్లవారుజామున పదకొండు తోటలకూ కూలీలు వెళ్లారు. గది తాళంచెవి నా శిష్యురాలి దగ్గరే ఉంది. సెప్టెంబరు నుంచి ప్రతి మంగళవారం నాకు ఆ గదిలో ఒక కుర్చీ వేశారు. కొత్త యాప్ ఏది చేసినా ముందు నేను వెళ్లి ఎవరి పక్కనో కూర్చుని చూసి రావాలి.

పోయినవి ఇవి. వంతులు పంతొమ్మిది. లింగాల దారి తోటలో రాలిన కాయ, ఆమె చెప్పిన ప్రకారం ఆరు గంపలు. జమ్మలమడుగుకు తీసుకువెళ్లిన కాగితాల్లో రెండు, చెల్లెలి మనవరాలు పడవలు చేసింది. గొడుగు ఒకటి, ముద్దనూరు బస్సులో. లవంగాలు ఒక చిన్న డబ్బీ.