బాబాయి తనిఖీలో యూరప్

మా బాబాయి సీసాల ఫ్యాక్టరీలో తనిఖీ పని చేస్తాడు. కదిలే బెల్టు మీద వచ్చే గాజుసీసాల్లో బుడగో, బీటో కనిపిస్తే చాలు, తీసి పక్కన పడేస్తాడు. మంచి సీసా ఎలా ఉంటుందని అడిగితే మాత్రం నీళ్లు నములుతాడు. చెడ్డవాటిని చూసి చూసి, మంచిది కంటికి ఆనడం ఎప్పుడో మానేసింది.

ఏటా మార్చి మొదట్లో ఆయనకు నాలుగు రోజులు సెలవు. పిన్నికి యూరప్‌లో ఏదో ఒక ఊరు చూపిస్తానని పెళ్లయిన కొత్తలోనే మాటిచ్చాడు. ఈసారి కూడా భోజనాల దగ్గర కూర్చుని, పాపం, ఆ ఖండం మొత్తాన్నీ బెల్టు ఎక్కించాడు.

"లిస్బన్‌లో అన్నీ మిట్టలే, నా మోకాళ్లేం కావాలి? వెనిస్‌లో నీళ్లు వాసనట. ప్రాగ్‌లో ఇంకా చలి వదల్లేదు. ఏథెన్స్‌లో చూద్దామంటే అన్నీ విరిగిన స్తంభాలేనాయె!"

వేల ఏళ్లు నిలబడ్డ స్తంభాలు మా బాబాయి ముందు నిమిషం నిలవలేకపోయాయి. పిన్ని పళ్లేలు తీసేసింది.

సెలవు మొదటిరోజు బాబాయి తీరిగ్గా నిద్ర లేచేసరికి ఇల్లు ఖాళీగా ఉంది. రాత్రి పొద్దుపోయాక పిన్ని ఫోన్ చేసింది. వెనక ట్రాము గంట మోగుతోంది.

"మా అక్కా నేనూ లిస్బన్ వచ్చామండీ. ఇక్కడింకా ఎండ హాయిగా ఉంది."

"మరి నా సంగతి?"

"మిమ్మల్నీ చూశానండీ. లోపం కనిపించింది, పక్కన పెట్టేశాను."